పెండ్లి వస్త్రము ఎవరిచ్చారు? అతిథి వస్త్రధారణపై ఒక చారిత్రక పరిశీలన

మత్తయి 22వ అధ్యాయములోని పెండ్లి విందు ఉపమానము మీద ప్రసంగించని కాపరి మన తెలుగు సంఘములలో అరుదు. 11వ వచనము దగ్గరికి వచ్చేసరికి మనలో చాలామందిమి ఒకే వివరణ ఇస్తాము. దారిలో కనబడి అప్పటికప్పుడు పిలువబడినవానికి పెండ్లి వస్త్రము ఎక్కడ నుండి వస్తుంది, అది లేదని రాజు అతనిని చీకటిలోకి త్రోయించుట న్యాయమేనా అని వినేవారికి సందేహము కలుగుతుంది. అందుకు మనము, ఆ దినములలో పెండ్లికి వచ్చిన ప్రతి అతిథికి ఇంటి యజమానుడే వాకిట వస్త్రము ఇచ్చుట యూదుల ఆచారమనీ, ఇతడు ఇచ్చినదానిని కట్టుకొనక తిరస్కరించాడనీ చెప్తాము. సందేహము తీరిపోతుంది. రక్షణ వస్త్రము ఉచితమనే బోధకు దారి సుగమమవుతుంది. మేమును ఇరవై ఏండ్లకు పైగా ఇలాగే చెప్పాము.

ఈ వ్యాసములో మేము ఉపమానము యొక్క వేదాంత భావమును తిరిగి తేల్చబోవుట లేదు. కృపవలన రక్షణ అనే బోధకు ఈ ఒక్క వచనమే ఆధారము కాదు గనుక ఆ విషయములో ఎవరికీ భయము అక్కరలేదు. మేము అడిగేది చరిత్రకు సంబంధించిన ప్రశ్న. పెండ్లికి పిలువబడినవాడు ఏమి కట్టుకొని వెళ్లేవాడు? ఆ బట్ట అతనికి ఎక్కడ నుండి వచ్చేది? లేనివాడు ఏమి చేసేవాడు?

ఈ ప్రశ్నను మా చేత అడిగించినది ఒక మామ్మ. కొన్ని సంవత్సరముల క్రితము మేము సేవ చేస్తున్న సంఘములో ఒక సంఘపెద్ద కుమార్తె వివాహము జరిగింది. అంతకు ముందటి ఆదివారము, సందర్భము కలిసివచ్చినదని, మేము ఈ ఉపమానము మీదనే ప్రసంగించాము. ఆదివారము తప్పని ఆ మామ్మ వివాహ ఆరాధనకు రాలేదు, విందుకూ రాలేదు. మరునాడు వారి వీధిలో కనబడితే, ఒంట్లో బాగాలేదేమోననుకొని, "పెండ్లికి రాలేదేం మామ్మా?" అని అడిగాము. "కట్టుకోను మంచి కోక లేదయ్యగారూ" అన్నది. కొంచెము ఆగి, ఎగతాళి ఏమీ లేకుండా, "ఆ రాజుగారు అందరికీ బట్టలు పెట్టాడని మొన్న మీరే చెప్తిరి. మరి మనకెవరు పెడతారు?" అన్నది. పెండ్లివారి చదివింపుల పుస్తకములో ఆమె పేరున 20 రూపాయలు రాసి ఉన్నవని ఆ తరువాత తెలిసింది. మనవడి చేతికి ఇచ్చి పంపింది. తాను మాత్రము రాలేదు.

ఆ ప్రశ్నకు జవాబు చెప్పలేక ఇంటికి వచ్చి, ఇన్నాళ్లు మేము చెప్పిన ఆచారము ఎక్కడ ఉన్నదో వెదకడము మొదలుపెట్టాము.

ఆచారమునకు చూపే సాక్ష్యములు

రాజు వస్త్రములిచ్చే ఆచారమునకు సాధారణముగా చూపే లేఖన భాగములు కొన్ని ఉన్నవి. ఆదికాండము 45:22లో యోసేపు తన సహోదరులకు దుస్తులిచ్చాడు. 2 రాజులు 5వ అధ్యాయములో నయమాను పది దుస్తుల బట్టలు తీసికొని వచ్చాడు. ఎస్తేరు 6వ అధ్యాయములో రాజు ఘనపరచగోరినవానికి రాజవస్త్రము తొడిగించారు. ఇవన్నీ బహుమానములే గాని పెండ్లి అతిథులకు ఇచ్చిన ఉడుపులు కావు. 2 రాజులు 10:22ను కూడా చూపుతారు. అక్కడ యెహూ బయలు భక్తులందరికీ వస్త్రశాలలో నుండి వస్త్రములు ఇప్పించాడు, నిజమే. ఇప్పించి, వారిని అందరినీ చంపించాడు. దీనిని సువార్త వస్త్రమునకు సాదృశ్యముగా ఎత్తి చూపేవారు తరువాతి వచనములు చదవలేదని అనుకోవలెను.

పెండ్లి విందునూ అతిథుల బట్టలనూ కలిపి చెప్పే భాగము మరొకటి ఉన్నది. దానిని ఈ సందర్భములో ఎవరూ ఎత్తరు. న్యాయాధిపతులు 14వ అధ్యాయములో సమ్సోను తిమ్నాతులో తన పెండ్లి విందుకు వచ్చిన ముప్పది మందితో పందెము వేశాడు. విప్పుడు కథ విప్పితే తాను ముప్పది నారబట్టలు, ముప్పది దుస్తులు ఇవ్వవలెను. విప్పలేకపోతే వారు అతనికి అవే ఇవ్వవలెను. అంతమంది చేరినా ఆ బట్టలు ఇచ్చుకోగలమనే ధైర్యము వారికి లేదు. మమ్మును దరిద్రులను చేయుటకా పిలిచారు అని వారు పెండ్లికూతురి మీద పడ్డారు. చివరకు సమ్సోను అష్కెలోనుకు పోయి ముప్పది మందిని చంపి, వారి బట్టలు తెచ్చి పందెము తీర్చాడు. పెండ్లి బట్ట ఎంత బరువైన వస్తువో ఈ కథ చెప్పినంతగా మరేదీ చెప్పదు.

1వ శతాబ్దపు యూదుల పెండ్లిలో సామాన్య అతిథులందరికీ ఇంటివారు వస్త్రములిచ్చేవారని చెప్పే ఆ కాలపు ఆధారము లేదు. మరి ఈ వివరణకు బలము ఎక్కడ నుండి వచ్చినది? అందులో ఎక్కువ భాగము చాలా తరువాతి కాలపు తూర్పు దేశపు దర్బారుల నుండి వచ్చినది. 17వ శతాబ్దములో జాన్ షార్డిన్ వంటి ఐరోపా యాత్రికులు పారసీక దేశపు రాజులు తమ ఎదుటికి వచ్చేవారికి అంగీలు ఇచ్చే పద్ధతిని వర్ణించారు. దానిని ఖిలత్ అంటారు. మొగలు దర్బారులోను, మన హైదరాబాదు నిజాము దర్బారులోను అదే పద్ధతి ఉండేది. 19వ శతాబ్దపు ఆంగ్ల వ్యాఖ్యాతలు, ముఖ్యముగా 1841లో ఉపమానముల మీద గ్రంథము ప్రచురించిన రిచర్డ్ ట్రెంచ్, ఈ తూర్పు దేశపు ఆచారమును మత్తయి 22కు వెలుగుగా పట్టారు. తూర్పు దేశములలో ఆచారములు మారవని ఆ తరము వారి నమ్మకము. షా దర్బారులో 17వ శతాబ్దములో జరిగినది గలిలయలో 1వ శతాబ్దములోనూ జరిగి ఉంటుందని వారనుకొన్నారు. అయితే ఖిలత్ అందేది అమీరులకు, రాయబారులకు, జమీందారులకు. దారిన పోయేవారికి కాదు.

ఈ వివరణ మన తెలుగు నేలలో ఇంత లోతుగా వేరూనుటకు మరొక కారణము కూడా ఉన్నదని మా అభిప్రాయము. మన పెండ్లిండ్లలో బట్టలు పెట్టుట ఉన్నది. ఆడపడుచులకు, మేనమామలకు, వియ్యాలవారికి, పెద్దవారికి బట్టలు పెట్టి గౌరవిస్తాము. బట్టలు పెట్టలేదని అలిగి విందు చేయకుండా వెళ్లిపోయిన చుట్టములను చూడని కాపరి ఉండడు. అందుచేత యజమానుడే బట్టలిచ్చాడనే మాట మన చెవులకు కొత్తగా తోచదు. కానీ మన బట్టలు పెట్టుట చుట్టరికమును లెక్కగట్టి చేసేది. ఎవరికి పట్టు, ఎవరికి నూలు, ఎవరికి రవికల గుడ్డతో సరి అనేది ముందే చీటీ రాసుకొంటాము. ఆ మామ్మ పేరు ఏ చీటీలోనూ ఉండదు.

బట్ట వెల

బట్ట అప్పటివారికి ఎంత విలువైనదో నేటివారికి ఊహించుట కష్టము. నూలు వడుకుట, నేయుట, రంగు వేయుట అంతా చేతితోనే. క్రీ.శ. 301లో రోమా చక్రవర్తి డయోక్లీషియను సరుకుల గరిష్ఠ ధరలు నిర్ణయించి శాసనము చేశాడు. అందులో పొలము కూలివానికి భోజనము గాక దినమునకు 25 దేనారములు. అదే శాసనములో స్కితోపొలిలో నేసిన మొదటి రకపు నార చొక్కాకు 7000 దేనారములు. స్కితోపొలి అంటే బైబిలులోని బేత్షెయాను, గలిలయకు ఆనుకొని ఉన్న పట్టణము. అంటే యేసుప్రభువు తిరిగిన ప్రాంతము అంచునే తయారయ్యే ఆ చొక్కా, కూలివాడు 280 దినములు పనిచేసి ఒక్క కాసూ ఖర్చుపెట్టకపోతే కొనగలిగినది. శాసనము మూడు శతాబ్దముల తరువాతిదే. అయినా ధనవంతుని బట్టకూ కూలివాని కష్టమునకూ మధ్య ఎంత దూరమో అది చూపుతుంది. బీదవాని సంగతి నిర్గమకాండము 22:26-27లోనే ఉన్నది. తాకట్టు పెట్టుకొన్న పైబట్టను సూర్యుడు అస్తమించక ముందే తిరిగి ఇవ్వవలెను, ఎందుకనగా కప్పుకొనుటకు అతనికి ఉన్నది అదొక్కటే. 1960-61లో యిగాయెల్ యాదీను మృతసముద్రము దగ్గర తవ్విన గుహలలో క్రీ.శ. 132-135 నాటి తిరుగుబాటు కాలములో పారిపోయి వచ్చినవారి బట్టలు దొరికాయి. వాటిలో మాసికలు వేసినవి ఉన్నవి.

ఈ నేపథ్యములో యూదుల రబ్బీల గ్రంథములు చదివితే, పెండ్లి వస్త్రమంటే ప్రత్యేకముగా కుట్టించిన అంగీ కాదనీ, ఉతికిన శుభ్రమైన బట్ట అనీ అర్థమవుతుంది. జర్మను పండితుడు యోవాకీము జెరెమియాసు కూడా అలాగే అర్థము చెప్పాడు. బబులోను తాల్మూదు షబ్బాతు భాగము 153వ పత్రములో యోహానాను బెన్ జక్కయి పేరున ఒక ఉపమానము ఉన్నది. ఒక రాజు తన సేవకులను విందుకు పిలిచాడు గాని సమయము చెప్పలేదు. బుద్ధిమంతులు తమను తాము సిద్ధపరచుకొని రాజగృహము వాకిట కూర్చున్నారు. బుద్ధిహీనులు పనికి పోయారు. అకస్మాత్తుగా పిలుపు వచ్చినప్పుడు వారు పని బట్టలతోనే వచ్చి నిలువవలసి వచ్చింది. ప్రసంగి 9:8లో ఎల్లప్పుడును తెల్లని వస్త్రములు ధరించుమన్న మాటకు వ్యాఖ్యగా ఈ కథ చెప్పబడింది. ఇక్కడ ఎవరూ ఎవరికీ బట్టలు ఇవ్వలేదు. ఉన్నదానిని ఉతుక్కొని సిద్ధముగా ఉండుటే సంగతి.

అయితే ఉతుక్కొనుటకు రెండవ బట్ట ఉండవలెను కదా?

అరువు బట్టలు, ఏడ్చిన విద్యార్థులు

ఈ ప్రశ్నను యూదుల పెద్దలు ఎరుగనివారు కారు. సుమారు క్రీ.శ. 200లో కూర్చబడిన మిష్నాలో తానీతు 4:8లో రబ్బాన్ షిమోను బెన్ గమలీయేలు చెప్పిన ఒక జ్ఞాపకము ఉన్నది. ఆబు నెల 15వ దినమునా, ప్రాయశ్చిత్త దినమునా యెరూషలేము కన్యలు తెల్లని వస్త్రములు ధరించి ద్రాక్షతోటలలో నాట్యమాడుటకు వెళ్లేవారు. యౌవనులు అక్కడ వారిని చూచి పెండ్లి సంబంధము ఏర్పరచుకొనేవారు. ఆ వస్త్రములన్నీ అరువు వస్త్రములై ఉండవలెను. లేనివారు సిగ్గుపడకుండునట్లు అని మిష్నా కారణము కూడా చెప్పింది. ఇది పెండ్లి విందు కాదు, సంబంధములు కుదిరే పండుగ. అయినా మన ప్రశ్నకు ఇంతకంటె దగ్గరి సాక్ష్యము మాకు కనబడలేదు.

తాల్మూదు (తానీతు 31) దీనికి ఇంకా వివరము చేర్చింది. రాజు కుమార్తె ప్రధానయాజకుని కుమార్తె దగ్గర అరువు తీసుకొంటుంది. ప్రధానయాజకుని కుమార్తె ఉపప్రధాని కుమార్తె దగ్గర, ఆమె యుద్ధమునకు అభిషేకింపబడిన యాజకుని కుమార్తె దగ్గర, ఆమె సామాన్య యాజకుని కుమార్తె దగ్గర తీసుకొంటుంది. తక్కిన ఇశ్రాయేలీయులందరు ఒకరి దగ్గర ఒకరు. ఈ వరుసను జాగ్రత్తగా గమనించవలెను. బీదపిల్ల గొప్పింటిలో అడుక్కోవడము కాదు ఇది. ప్రతివారూ తమకంటె క్రింది మెట్టు మీద ఉన్నవారి దగ్గర తీసుకొంటారు. పెట్టెనిండా బట్టలున్న రాజు కుమార్తె కూడా ఆ రోజు తనది కాని బట్టతోనే బయటికి రావలెను. అప్పుడు ఎవరి ఒంటి మీదిది ఎవరిదో చెప్పగలిగినవారు లేరు. అరువు సొమ్ము బరువు చేటు అని మన సామెత. అందరూ అరువే తెచ్చుకొన్న చోట ఆ చేటు ఎవరికీ లేదు.

మరొక సంఘటన యెరూషలేము తాల్మూదులో పేయా 8:7 మీద ఉన్నది. రబ్బీ హనీనా ప్రతివానికి రెండు వస్త్రములు ఉండవలెను, వారపు దినములకు ఒకటి, విశ్రాంతి దినమునకు ఒకటి అని నియమము చెప్పాడు. రూతు 3:3లో నయోమి రూతును స్నానము చేసి బట్టలు కట్టుకొమ్మన్నది ఈ నియమమునకే చేర్చబడింది. 3వ శతాబ్దములో రబ్బీ సిమ్లాయి దీనిని సమాజములో బోధించినప్పుడు వింటున్న తోటి విద్యార్థులు ఏడ్చారు. మా వారపు బట్ట ఏదో విశ్రాంతి దినపు బట్టా అదే అని చెప్పారు. అతడు నియమమును విడువలేదు. అయినా ఏదో విధముగా మార్చుకోవలెనన్నాడు. కట్టుకొనే తీరునైనా మార్చుమని దాని భావముగా వ్యాఖ్యాతలు చెప్తారు.

ఇది చదివిన రాత్రి మాకు నిద్ర పట్టలేదని ఒప్పుకోవలెను. సిమ్లాయి బోధలో తప్పు లేదు. విన్నవారి భక్తిలోనూ తప్పు లేదు. బోధకూ వినేవారి బట్టల పెట్టెకూ మధ్య ఏమున్నదో ఆ బోధకునికి వారు ఏడ్చేదాకా తెలియలేదు. మా సంఘములో మామ్మ ఏడవలేదు, రాకుండా ఉండిపోయింది. ఉపమానములోని మనుష్యుడు రాజు అడిగినప్పుడు మాటలేక నిలిచాడు గనుక, వస్త్రము ఇస్తామన్నా వద్దన్నాడని రుజువైనదని మేము ప్రసంగములలో వాదించేవారము. మౌనము అంత బలమైన సాక్ష్యము కాదు. బట్ట లేనివాడు కూడా రాజు ఎదుట అలాగే నిలుస్తాడు. వాదము తప్పు గనుక ఉపమానము తప్పని మేమనుట లేదు. రాజు అడిగినది అందరికీ అందుబాటులో ఉన్నదేనని కథ గమనమే చెప్తున్నది. విందుశాలలో తక్కినవారందరూ, చెడ్డవారితో సహా, ఏదో విధముగా ఆ వస్త్రముతో ఉన్నారు. వారు అరువు తెచ్చుకొన్నారా, ఉతుక్కొన్నారా అన్నది మత్తయి రాయలేదు. లూకా 14వ అధ్యాయములోని విందు ఉపమానములో అయితే వస్త్రము ప్రస్తావనే లేదు. అక్కడ బీదలు, అంగహీనులు, కుంటివారు, గ్రుడ్డివారు ఉన్నట్టే లోపలికి వచ్చారు. ఈ రెంటినీ ఒకే ఆదివారము చదివి చూడమని విద్యార్థులను కోరుతున్నాము.

సంఘ పితరులు, సంస్కర్తలు

సంఘ పితరులు ఈ వస్త్రమును ఎవరిచ్చారనే ప్రశ్న మీద కాక అది ఏమిటనే ప్రశ్న మీద నిలిచారు. ఆగస్టీను తన 90వ ప్రసంగములో అది బాప్తిస్మము కాదనీ, బల్ల యొద్దకు వచ్చుట కాదనీ, ఇవి మంచివారికీ చెడ్డవారికీ ఉన్నవేననీ ఒక్కొక్కటే త్రోసివేసి, 1 తిమోతి 1:5 ఆధారముగా అది ప్రేమ అని తేల్చాడు. గ్రెగొరీ పోపు కూడా ప్రేమ అనే అన్నాడు. లూథరు విశ్వాసము అన్నాడు. విశ్వాసమా, పరిశుద్ధ జీవితమా అనే తగవు వ్యర్థమని, రెండూ విడదీయరానివని కాల్వీను అన్నాడు. జాన్ వెస్లీ ఈ వచనము మీద రాసిన ప్రసంగము 1790 మార్చి 26న మేడ్లీలో ముగించాడు. అప్పటికి ఆయనకు 86 ఏండ్లు, మరుసటి సంవత్సరము మార్చిలో ప్రభువు నందు నిద్రించాడు. ఆయన దానిని పరిశుద్ధత అన్నాడు. వీరెవరి బోధకూ వాకిట వస్త్రములు పంచే ఆచారము అవసరము కాలేదు. ప్రకటన 19:8లో గొఱ్ఱెపిల్ల భార్యకు సన్నపు నారబట్టలు ఇయ్యబడిన మాట నిజమే. అయితే అక్కడ వస్త్రము పొందినది పెండ్లికుమార్తె. పిలువబడినవారి మాట తరువాతి వచనములో వేరుగా ఉన్నది.

నిజమైన పెండ్లిండ్లకు వెళ్లే విశ్వాసుల గురించి కూడా పితరులు మాట్లాడారు. మన పాఠకులకు అది తక్కువగా పరిచయము. సుమారు క్రీ.శ. 200 ప్రాంతములో కార్తేజులో టెర్తుల్లియను విగ్రహారాధన మీద రాసిన గ్రంథము 16వ అధ్యాయములో, అన్యుల ఇండ్లలో పెండ్లికి పిలుస్తే వెళ్లవచ్చునా అని అడిగాడు. అంత కఠినుడైన టెర్తుల్లియను వెళ్లవచ్చుననే అన్నాడు. యౌవనుడు తెల్లని టోగా ధరించే వేడుకైనా, ప్రధానమైనా, వివాహమైనా వాటంతట అవి విగ్రహములకు చెందినవి కావన్నాడు. పిలుపే బలికోసమైతే వెళ్లకూడదు. స్నేహమును బట్టి పిలిస్తే, అక్కడ బలి జరిగినా అతడు చూచేవాడు మాత్రమే. కట్టుకొనే బట్టలో విగ్రహము లేదని ఆయన ఒప్పుకొన్న ఈ మాట, హిందూ స్నేహితుల పెండ్లికి పసుపు బట్టలతో వెళ్లవచ్చునా అని మనలను అడిగే యౌవనస్థులకు పనికివస్తుంది.

క్రిసొస్తొము మాత్రము వేరే దారి పట్టాడు. కొలొస్సయులకు రాసిన పత్రిక మీది 12వ ప్రసంగములో కాన్‌స్టాంటినోపిలు క్రైస్తవుల పెండ్లి ఆడంబరమును ఖండిస్తూ, ఇరుగుపొరుగు ఇండ్లకు వెళ్లి అద్దములు, బట్టలు అరువు తేవద్దన్నాడు. పెండ్లి ప్రదర్శన కాదు, ఇంట ఉన్నదానితోనే అలంకరించి, చుట్టాలను స్నేహితులను పిలవండి, బీదల రూపములో క్రీస్తును పిలవండి అన్నాడు. యెరూషలేములో సిగ్గు తప్పించుటకు పెట్టిన అరువు, కాన్‌స్టాంటినోపిలులో డాబు పెంచుటకు వాడబడింది. మిష్నా అరువు తీసుకొమ్మన్నదీ క్రిసొస్తొము వద్దన్నదీ ఒకే మనిషి కోసమేనని మాకు తోచింది.

మన తెల్లబట్టలు

తెలుగు సంఘములలో తెల్లబట్టకు ఒక చరిత్ర ఉన్నది. ప్రాచీన సంఘములో బాప్తిస్మము పొందినవారు ఈస్టరు వారమంతా తెల్లని వస్త్రములు ధరించేవారు. పెండ్లికుమార్తె తెల్లబట్ట మాత్రము అంత పాతది కాదు. 1840లో విక్టోరియా రాణి తన వివాహమునకు తెల్లని పట్టు గౌను ధరించిన తరువాత పాశ్చాత్య దేశములలో ఆ వాడుక బలపడింది, మిషనెరీల ద్వారా మన దగ్గరికి తెల్లచీరగా వచ్చింది. తెలుగునాట తెలుపు వైధవ్యమునకు గుర్తు గనుక ఇది వింతగా ఉండెనని కొందరంటారు. ఎఱ్ఱంచు తెల్లని మధుపర్కములు మన హిందూ సహోదరుల పెండ్లిలోనూ ఉన్నవి గనుక ఆ మాట పూర్తిగా సరికాదు.

మన తొలితరము విశ్వాసులలో అత్యధికులు మాల మాదిగ పల్లెల నుండి వచ్చారు. మంచి బట్ట కట్టి ఊరి వీధిలో నడుచుటకే స్వేచ్ఛ లేనివారు. 1876-78 కరువు తరువాత, 1878 జూలై 3న ఒంగోలు క్షేత్రములో గుండ్లకమ్మ నది దగ్గర ఒక్క దినమున 2222 మంది బాప్తిస్మము పొందారు. కరువు దాటి వచ్చిన వారిలో మార్చుకొనుటకు రెండవ బట్ట ఎందరికి ఉండినదో ఊహించవచ్చును. అలాంటివారి పిల్లలకు ఆదివారపు ఉతికిన బట్ట గౌరవమునకు గుర్తు అయింది. దానిని తేలికగా చూచుట మాకు ఇష్టము లేదు. తాత కట్టలేకపోయిన జరీ పంచె మనవడు కడితే అందులో గర్వము మాత్రమే చూచే ప్రసంగీకుడు తన సంఘ చరిత్రను ఎరుగడు.

తరువాత బక్తసింగు గారి సహవాసములలోను, పెంతెకొస్తు సంఘములలోను తెల్లబట్టలు, నగలు లేకుండుట వాడుక అయ్యాయి. పెండ్లి విందుకు కూడా అందరూ తెల్లబట్టలతో వస్తే ఆస్తిపరుడెవరో కూలి ఎవరో దూరమునకు తెలియదు. అది మిష్నాలోని ద్రాక్షతోటల ఏర్పాటుకు దగ్గరిదే. కానీ దగ్గరికి వెళ్లి చూస్తే ఇప్పుడు తెలుపులోనే మెట్లు వచ్చాయి. తెల్ల నూలు, తెల్ల పాలిస్టరు, తెల్ల పట్టు, వెండి జరీ. దానికి తోడు ఈ మధ్య పెండ్లివారి దగ్గరి బంధువులందరూ, గాయకబృందముతో సహా, ఒకే రంగు చీరలు తీయుట వచ్చింది. ఒకే రంగు అంటే సమానత్వమని మొదట మేమనుకొన్నాము. ఆ రంగు చీర లేనివారు ఎవరో వాకిటనే తెలియుటకు అంతకంటె మంచి పద్ధతి లేదని తరువాత అర్థమైంది. యాకోబు 2:2-4ను మనము ఆదివారపు ఆరాధనకే పరిమితము చేశాము. వివాహ ఆరాధనలో ముందు కుర్చీలు ఎవరికి వేస్తున్నామో ఒకసారి చూడవలెను. 1872 నాటి భారత క్రైస్తవ వివాహ చట్టము వివాహము జరిపించేవాడు గాక కనీసము ఇద్దరు సాక్షులను కోరింది. వారి చీరల సంగతి అడగలేదు.

మేము ఈ విషయములన్నీ సంఘ కమిటీ ముందు పెట్టాము. మూడు ఆదివారములు చదివే వివాహ ప్రకటనకు, ఎవరికున్న శుభ్రమైన బట్టలతో వారు రావలసినదిగా కోరుతున్నామనే ఒక వాక్యము చేర్చుదామని మా ప్రతిపాదన. ఒక పెద్దావిడ లేచి, "అయ్యగారూ, పెండ్లికి కూడా కట్టుకోకపోతే ఇంకెప్పుడు కట్టుకొంటామండీ?" అన్నది. ఆమె తల్లి పొలములో కూలి చేసి ఆమెను చదివించింది. ఆ మాటకు మా దగ్గర జవాబు లేదు. మరొక సభ్యుడు, అలా ప్రకటిస్తే పాత చీరతో వచ్చినవారిని అందరూ ఇంకా తేరిపార చూస్తారు, ఇప్పుడున్న సిగ్గు రెండింతలవుతుంది అన్నాడు. ఇది మేము ఆలోచించని సంగతి. తీర్మానము వాయిదా పడింది. ఇప్పటికీ వాయిదాలోనే ఉన్నది.

ప్రసంగములో మాత్రము మార్పు చేసుకొన్నాము. మత్తయి 22 వచ్చినప్పుడు యూదుల ఆచారమని ఇక చెప్పుట లేదు. సిమ్లాయి కథ, యెరూషలేము కన్యల అరువు బట్టల కథ చెప్తున్నాము. మొదటిసారి అది చెప్పిన తరువాత జరిగిన పెండ్లికి మామ్మ వచ్చింది, పక్కింటి కోడలు ఇచ్చిన నీలము చీర కట్టుకొని. మడత నలగకుండా విందులో నిలబడే తిన్నది. మరునాడు ఉతికి, ఎండబెట్టి, తిరిగి ఇచ్చి వచ్చినట్టు చెప్పింది. ఆ సంవత్సరము మా సంఘములో మరి రెండు పెండ్లిండ్లు జరిగాయి. ఆమె దగ్గర చీర అడిగినవారు ఎవరూ లేరు.